ఆగస్టు పదిహేడున చెప్పని పాఠం

"ఆగస్టు పదిహేడున మా బళ్ళో ఎవరున్నారో మీకు తెలీదా?" అంది దానమ్మ.

ఆదివారం చర్చి గుడి నుంచి వచ్చిన ఆవిడ ఇంకా చెప్పులు విప్పలేదు. చంకలో బైబిలు చంకలోనే ఉంది. నిన్న సాయంత్రం హెడ్మాస్టరుగారు తనిఖీకి ముందు ఆగస్టు పేజీలు తిరగేసి, పిలిచి చేతిలో పెట్టిన పాఠాల నోట్సు పుస్తకాన్ని ట్రంకుపెట్టెలోంచి తీసి, మొగుడి ముందున్న బల్ల మీద పెట్టింది. పెట్టిందని మర్యాదకి అంటున్నాం గాని, పడేసింది. నిన్నటినుంచీ పళ్ళ బిగువున ఊరుకుంది. పొద్దున్న ఆరాధనలో పాస్టరుగారు చెప్పిన వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఇక ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

సాలమోను మడతకుర్చీలో కూర్చుని, వాచిన ఎడమకాలు పీట మీద చాపుకుని ఉన్నాడు. పుస్తకం వంక చూశాడు. తన చేతిరాతే.

"తెలీకేం. లంకల్లో జనం ఉన్నారు," అన్నాడు.

"ఎంతమంది?"

"నాలుగొందలన్నారు."

"నాలుగొందల పన్నెండు. పేర్లు రాసుకుంది నేను. నాలుగో ఫారం గదిలో ఎవరున్నారు?"

ఆయన పుస్తకం తన వైపు లాక్కున్నాడు.

"మూడు గేదెలూ, ఒక నిండు చూలాలూ ఉన్నారు. అదే రోజు పొద్దున్న మొదటి పీరియడులో నేను ఆ గదిలో గాలి ఒత్తిడి పాఠం చెప్పేనని రాసేరు మీరు. ఎవరికి చెప్పేనండీ? గేదెలకా?"

పెరట్లో క్రిస్మసుకి బియ్యం చెరుగుతున్న అత్తగారు వీరాయమ్మ చేట ఆపింది. "గేదెలేటమ్మా? ఎవరివి?" అంది.

"ఎవరివో లెండత్తయ్యా. ఇప్పుడవి లేవు," అంది దానమ్మ.

పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరుచుకుని ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎడమ గడిలో చెప్పవలసిన పాఠం. కుడి గడిలో చెప్పిన పాఠం, పిల్లలు ఎలా అందుకున్నదీ. "17-8-53, సోమవారం. నాలుగో ఫారం. గాలి ఒత్తిడి. గ్లాసు నిండా నీళ్ళు పోసి, అట్టముక్క మూసి, తలకిందులు చేసి చూపడమైనది. విద్యార్థులు ఆసక్తితో గమనించారు. బాగా గ్రహించారు." అలాగే మంగళవారం. అలాగే బుధవారం. పన్నెండు రోజులు రోజూ బాగా గ్రహించారు. వారం వారం కింద హెడ్మాస్టరుగారి పచ్చసిరా సంతకం.

ఆ పన్నెండు రోజులూ రాజోలు చుట్టుపక్కల బడి అన్నది లేదు. గోదారి నడుమ లంకలన్నీ నీట మునిగి ఉన్నాయి.

"అదెలా జరిగిందంటే..." అని మొదలెట్టాడు సాలమోను.

"చెప్పండి. వింటాను."

"ఎడమ గడి ముందువారమే రాయాలి కదా. కుడిది వారం అయ్యేక రాయాలి. నిజమే. కాని పున్నమికీ అమావాస్యకీ నాకు జ్వరం వస్తుంది. శనివారం కలం పట్టగలనో లేనో. అందుకని ఓపికున్న రోజున రెండేసి వారాలకి రెండు గళ్ళూ నింపేసేవాణ్ణి. నువ్వెలాగూ ఆ పాఠం చెప్తావు. పిల్లలెలాగూ గ్రహిస్తారు. ఎప్పుడూ తేడా రాలేదు."

"గోదారొచ్చింది కదండీ."

"గోదారొస్తుందని పదిరోజుల ముందు నాకెలా తెలుస్తుంది?"

"వచ్చేక తెలిసింది కదా. వాకిట్లోకి నీళ్ళొచ్చినప్పుడు తెలిసింది కదా. అప్పుడైనా ఈ పేజీ గుర్తు రాలేదా?"

సాలమోను పేజీ మీది తన రాతని వేలితో తడిమాడు. మిషను ఎలిమెంటరీ బళ్ళో పదకొండేళ్ళు పంతులుగా చేసి, బోదకాలు ముదిరి నాలుగేళ్ళ కిందట ఇంట్లో కూర్చున్నాడు. ఈ ఏడు బోర్డు హైస్కూల్లో లెక్కల మాస్టారు బదిలీ అయిపోయి, సైన్సు మాస్టారు టైఫాయిడుతో సెలవు పెట్టి, ఇద్దరి పాఠాలూ దానమ్మ నెత్తిన పడ్డాయి. వారానికి ముప్ఫైతొమ్మిది పీరియడ్లలో ముప్ఫైఆరు ఆవిడవే. "నోట్సు నేను రాసిపెడతాలే" అని ఆయనే అడిగి పుచ్చుకున్నాడు. ఆవిడ చేతికి కాస్త తెరిపి వచ్చింది. ఆయనకి పొద్దున్న లేచి చెయ్యడానికి ఒక పని దొరికింది. ఆ రోజున ఇద్దరూ ఎంత సంతోషించారో చెప్పలేం.

"అక్షరాలు మీవి. పేరు నాది," అంది దానమ్మ. "రేపు తనిఖీకి వచ్చే డి.ఈ.ఓ.గారి ముందు నిలబడేది నేను. మీకేం పోయింది? మీరిక్కడే కుర్చీలో కూర్చుంటారు."

అన్నాక నాలిక కరుచుకుంది. అన్నది అన్నట్టే ఉండిపోయింది.

సాలమోను కాలు పీట మీంచి దించాడు. మళ్ళీ పీట మీద పెట్టుకున్నాడు.

"ఒకటడుగుతాను," అన్నాడు నెమ్మదిగా. "ప్రతి సోమవారం పొద్దున్నా ఈ పుస్తకం సంచీలో పెట్టుకుని వెళ్తావు. ఒక్క సోమవారమైనా తెరిచి చూసేవా?"

దానమ్మ చంకలో బైబిలు తీసి బల్ల మీద పెట్టింది. పొద్దున్న అన్నం వార్చి, కూతురు రత్నానికి జడ వేసి, రెండు మైళ్ళు కాలవగట్టు మీద పరుగులాంటి నడక నడిచే మనిషికి తెరవడానికి తీరికేది? తెరవలేదు. మొగుడి రాత మీద నమ్మకం అని పైకి అనుకునేది. ఆ మాట సగమే నిజం. ఇంకో పుస్తకం కళ్ళముందుకి రావడం అంటేనే ఆవిడకి విసుగు.

"హెడ్మాస్టరు రాజుగారు చదవకుండా సంతకం పెట్టేరు. నువ్వు చదవకుండా మోసేవు. నేనొక్కణ్ణే ఇందులో ప్రతి అక్షరం చూసినవాణ్ణి," అన్నాడు సాలమోను.

పెరట్లో చేట చప్పుడు మళ్ళీ మొదలైంది.

హెడ్మాస్టరు వెంకటరాజుగారు వచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. సైకిలు వీధి మొగలో ఆపి, పేటలోకి నడిచి వచ్చారు. ఏడేళ్ళుగా ఆ బడికి హెడ్మాస్టరు గాని, ఈ పేటలో ఆయన అడుగు పెట్టడం ఇదే మొదలు. చంకలో బ్రౌను కాగితం చుట్టిన కట్ట ఉంది.

"దానమ్మగారూ, ఉన్నారాండీ?"

"ఆయ్, రండి," అంటూ ఆవిడ గబగబా బల్ల తుడిచింది.

"సాలమోను మాస్టారూ, మీరు లేవకండి. లేవకండి, పరవాలేదు."

వీరాయమ్మ గుమ్మంలో నిలబడి సతమతమైపోయింది. తమ చేతి మజ్జిగ ఇస్తే రాజుల కులస్తులు పుచ్చుకుంటారో పుచ్చుకోరో. ఇవ్వకపోతే ఇంటికొచ్చిన పెద్దమనిషికి అమర్యాద. చివరికి మూలనున్న కొబ్బరి బొండం కొట్టి తెచ్చింది. బొండానికి ఆ చిక్కు లేదు, ఎవరింట్లోనైనా తాగొచ్చు. కోనసీమలో ఎంతమంది మర్యాదని బొండం కాపాడిందో ఎవరూ లెక్క రాయలేదు. రాజుగారు గటగటా తాగి, పైగుడ్డతో మూతి తుడుచుకున్నారు.

"రేపు పదకొండింటికి వస్తారనుకున్నాం కదండీ. పదిన్నరకే వస్తున్నారట, కబురొచ్చింది," అన్నారు. "సర్క్యులరు మళ్ళీ చదివేను. వరదకి పోయిన రోజుల్లో బళ్ళో ఏం జరిగింది, పోయిన పాఠాలు ఎప్పుడు చెప్పేరు, ముందు అదే చూస్తారట. అందరి నోట్సులూ ఆగస్టు దగ్గరే తెరుస్తారన్నమాట."

"మిగతా మాస్టర్లు ఏం రాసేరండీ?" అంది దానమ్మ.

"వరద సెలవు అని ఒక గీత గీసేరు. వాళ్ళవి వాళ్ళే రాసుకున్నారు కదండీ."

ఆ మాట రాజుగారు ఎత్తిపొడుపుగా అనలేదు. అయినా సాలమోను తల దించుకున్నాడు.

"ఆ రెండు పేజీలూ చింపేద్దామనుకున్నాను. పేజీ పేజీకీ నంబరుంది, సీలుంది. ఆ పద్ధతి పెట్టింది నేనే, నా ఖర్మ." రాజుగారు బ్రౌను కాగితం విప్పారు. లోపల కొత్త పుస్తకం. "దీనికి సీళ్ళు వేసి తెచ్చేను. ఆగస్టు మూడు నుంచి నిన్నటి దాకా. దసరా సెలవులు పోతే పదహారు వారాలు. రేపు తొమ్మిదిన్నరకి నా బల్ల మీద ఉంటే సంతకాలు పెట్టేస్తాను. పాతది నాకిచ్చెయ్యండి. మా ఇంట్లో పొయ్యుంది."

"అది తప్పు కదండీ?" అన్నాడు సాలమోను.

"తప్పు ఎప్పుడో అయిపోయింది మాస్టారూ. ఇప్పుడు చేసేది దిద్దుబాటు." రాజుగారు పైగుడ్డ భుజం మీదికి సర్దుకున్నారు. "నాకింకా పద్నాలుగు నెలల సర్వీసుంది. ముప్ఫైరెండేళ్ళు మచ్చ లేకుండా చేసేను. చదవకుండా సంతకం పెట్టేనని ఇప్పుడు నేను చెప్పుకోలేను. దానమ్మగారికి ఈ నెలాఖరుతో ప్రొబేషను తీరుతుంది. ఖాయం చేస్తారో ఇంటికి పంపేస్తారో రేపటి రిపోర్టు మీదే ఉంది. ఇంకొకరి చేత రాయించేనని ఆవిడా చెప్పుకోలేరు. ఇద్దరం ఒకే పడవలో ఉన్నామండి."

ఉద్యోగం పోతే ఏమవుతుందో దానమ్మకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో నాలుగు నోళ్ళకి అన్నం పెట్టేది ఆ ఉద్యోగమే. ప్రొబేషనులో తీసేసిన టీచరమ్మని ఇంకో బడి గుమ్మం ఎక్కనివ్వదు. అవన్నీ అటుంచి, ఆవిడకి పాఠం చెప్పడం ఇష్టం. ఎంత ఇష్టమో ఎవరికీ ఎప్పుడూ చెప్పుకోలేదు. అలసిపోయి ఏడ్చిన రోజున కూడా మానేద్దామని అనుకోలేదు.

"ఎవరు రాసేరని అడిగితేనో?" అంది చివరికి.

"ఎందుకడుగుతారండీ? అట్ట మీద పేరు మీదే కదా."

రాజుగారు పాత పుస్తకం కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయారు. కొత్త పుస్తకం బల్ల మీద ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు.

"ఇలా ఇయ్యి," అన్నాడు సాలమోను.

"ఇవాళ అమావాస్య," అంది దానమ్మ.

"తెలుసు. జ్వరం పొద్దుగూకితేగాని రాదు. ఇలా ఇయ్యి."

ఆవిడ ఇచ్చింది. ఇవ్వకపోతే ఇంకేం చేస్తుంది? బల్లకి అటు చివర అర్ధసంవత్సరం పరీక్షల పేపర్లు నూట ఎనభై ఉన్నాయి. డి.ఈ.ఓ.గారు వాటినీ చూస్తారు. రేపు ఆయన వెనక బెంచీలో కూర్చుంటే చెప్పవలసిన పాఠం ఉంది. దానికి కావలసిన పటం ఇంకా గియ్యలేదు. చేతులు రెండే ఉన్నాయి.

బల్లకి ఇటు ఆయన, అటు ఆవిడ. కలాల గీకుడు తప్ప చప్పుడు లేదు. ఆయన పాళీ సిరాబుడ్డిలో ముంచి, అంచుకి రాసి, రాస్తున్నాడు. తొందర పడినా అక్షరం వంకర పోవడం లేదు. దానమ్మ ఎర్రసిరాతో తప్పులు కొడుతూ, మధ్యమధ్య ఆయన నుదుటి వంక చూస్తోంది. ఇందాకటి మాటకి క్షమాపణ అడగాలని నోటిదాకా వస్తోంది. అడిగితే పని ఆగిపోతుందని భయం. పని ముందు, మాటలు తరవాత. ఈ ఏడంతా ఆ ఇంట్లో అలాగే గడిచింది.

"పదిహేడు దగ్గరకొచ్చేను," అన్నాడాయన. "ఏం రాయమంటావు?"

"వరద అని రాయండి. బడి లేదని రాయండి."

"అంతేనా?"

"అంతే కదండీ మరి," అంది పేపరు మీంచి తలెత్తకుండానే.

ఆయన పాళీ ముంచాడు. ఆ పేజీ దగ్గర చాలాసేపు రాశాడు. అంతసేపు ఎందుకు పట్టిందని ఆవిడకి అనుమానం రాలేదు. అప్పటికి ఐదో ఫారం పేపర్లలో సగం కూడా అవలేదు.

దీపాలు పెట్టే వేళకి చలి మొదలైంది. వీరాయమ్మ కొడుకు మీద దుప్పటి కప్పి, మిరియాల కషాయం పట్టుకొచ్చి, "ఈ రాతలు ఎవర్ని ఉద్ధరించడానికి నాయనా?" అని గొణిగింది. సాలమోను నవ్వి తాగాడు. ఇంకా ఏడు వారాలున్నాయి. "నేను రాస్తాను, ఇలా ఇవ్వండి," అని దానమ్మ చెయ్యి చాచింది. "రెండు రాతలు పడితే ఇప్పుడే దొరికిపోతావు," అని ఆయన ఇవ్వలేదు.

తెల్లవారి లేచి చూస్తే ఆయన కుర్చీలోనే ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాలు బిందెలా వాచి ఉంది. పుస్తకం పూర్తయి, అట్ట మీద ఆవిడ పేరుతో సహా సిద్ధంగా ఉంది.

"ఒకసారి తెరిచి చూసుకో దానమ్మా," అన్నాడు.

"ఎక్కడండీ టైము? ఏడున్నరైపోయింది. రత్నానికి అన్నం పెట్టమని అత్తయ్యకి చెప్పండి. కాలికి తవుడు కాపడం పెట్టించుకోండి."

"ఆగస్టు ఒక్కటీ చూడు."

"మీరు రాసిందానికి నేను చూసేదేముంది?" అంది. నిన్నటి మాటకి అదే క్షమాపణ అనుకుంది ఆవిడ. ఆయన ఇంకేదో అనబోయాడు. అప్పటికే ఆవిడ గుమ్మం దాటింది.

బడి ఆవరణంతా సున్నం గీతలు. మామిడాకులు. బంట్రోతు ధర్మరాజు ఉతికిన తలపాగాతో గేటు దగ్గర నిలబడ్డాడు. దానమ్మ క్లాసులో పటం తగిలించి, పేపర్లు కట్టలు కట్టి, హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళేసరికి తొమ్మిదీ నలభై.

"తెచ్చేరా? బతికించేరు," అన్నారు రాజుగారు. పుస్తకం లాక్కుని, పచ్చసిరా కలం మూత పళ్ళతో పీకి, మొదటి వారం కింద సంతకం పెట్టారు. అద్దుడు కాగితం అద్దారు. పేజీ తిప్పారు. రెండో వారం. అద్దారు. తిప్పారు. కళ్ళు వాకిలి మీద ఉన్నాయి, చెయ్యి పుస్తకం మీద ఉంది. ఏడేళ్ళుగా అలవాటైన చెయ్యి, దానికి కళ్ళతో పని లేదు.

దానమ్మ బల్లకి ఇవతల నిలబడింది. అక్షరాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. పరీక్షగదుల్లో బెంచీల మధ్య తిరిగి తిరిగి ఆవిడకి తలకిందుల రాత చదవడం అలవాటే. మూడో వారం పేజీ తిరిగింది.

"17-8-53 నుంచి 29-8-53 వరకు. వరద. బడి జరగలేదు. లంకల జనం 412 మంది బడిలో ఉన్నారు. టీచరు పాఠాలు చెప్పలేదు. గంజి కాయించింది. పిల్లలకు మందులు వేసింది. నాలుగో ఫారం గదిలో ఒక పురుడు పోసింది. పోయిన పాఠాలు సెప్టెంబరులో శనివారం మధ్యాహ్నాలు చెప్పింది. గమనిక: టీచరుకు వారానికి 36 పీరియడ్లు. అందుచేత జూన్ నుంచీ ఈ నోట్సు వ్రాస్తున్నది ఆమె కాదు. ఆమె భర్తనైన నేను వ్రాస్తున్నాను. ఈ పుస్తకం మొత్తం డిసెంబరు 6, ఆదివారం ఒక్క రోజునే వ్రాసినది. కె. సాలమోను, మాజీ ఎలిమెంటరీ టీచరు."

దానమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఎందుకు చేశాడీ పని? నిన్న తనన్న మాటకి పౌరుషమా? ఒక అబద్ధం కడగడానికి ఇంకో అబద్ధం రాయలేకపోయాడా? చూసుకోమన్నాడు. రెండుసార్లు చెప్పాడు. తనే చూసుకోలేదు.

రాజుగారి కలం పేజీ అడుక్కి దిగుతోంది. "ఆగండి" అంటే చాలు. ఒక్క మాట. ఆ పేజీకి ఏదో ఒక దారి ఆయనే వెతుక్కుంటారు, సిరా ఒలికిందంటారు, ఇంకేదో అంటారు. దానమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. పచ్చసిరా సంతకం సాలమోను పేరు కిందే పడింది. రాజుగారు అద్దుడు కాగితం అద్దారు. పేజీ తిప్పారు.

పదిన్నరకి డి.ఈ.ఓ.గారు దిగారు. పొట్టి మనిషి, గొంతు చిన్నది, ఎవరి మీదా కేకలెయ్యలేదు. అలాంటివాళ్ళంటేనే మాస్టర్లకి ఎక్కువ భయం. దానమ్మ పాఠం చెప్పింది. ఏం చెప్పిందో తరవాత ఆవిడకే గుర్తు లేదు. పిల్లలు మాత్రం చేతులెత్తారు, జవాబులు చెప్పారు. వెనక బెంచీలో ఆయన చిన్న కాగితం మీద రెండు ముక్కలు రాసుకుని లేచి వెళ్ళిపోయారు. మధ్యలో రెండుసార్లు రాజుగారికి చెప్పబోయింది. "తరవాత, తరవాతమ్మా," అన్నారాయన రెండుసార్లూ.

మధ్యాహ్నం మూడింటికి కబురొచ్చింది. గదిలో డి.ఈ.ఓ.గారు కూర్చుని ఉన్నారు. రాజుగారు పక్కన నిలబడి ఉన్నారు. పుస్తకం తెరిచే ఉంది. ఏ పేజీయో దానమ్మకి గుమ్మంలోంచే తెలిసింది.

"ఈ సంతకం మీదేనాండీ?" అని ఆయన రాజుగారిని అడిగారు.

"ఆయ్, నాదేనండి."

"చదివే పెట్టేరా?"

"ప్రతి అక్షరం చదివేనండి. దానమ్మగారి నోట్సంటే మిగతా మాస్టర్లకి చూపించి, ఇలా రాయాలయ్యా అని చెప్తూంటానండి."

డి.ఈ.ఓ.గారు ఆయన వంక చాలాసేపు చూశారు. పుస్తకం ఆయన వైపు తిప్పలేదు. దానమ్మ వైపు తిరిగారు.

"మీరేమంటారమ్మా? చదివేరా ఈయన?"

అవునంటే అబద్ధం. కాదంటే పద్నాలుగు నెలల సర్వీసున్న మనిషి మెడకి ఉరి. రాజుగారు ఏమీ తెలియక ధీమాగా తల ఊపుతున్నారు. ఆయన్ని చూస్తే దానమ్మకి జాలేసింది. తన మీద తనకి అసహ్యం వేసింది.

"చదవలేదండి," అంది. "ఆయన సంతకం పెడుతూంటే నేను ఎదురుగా నిలబడి చదివేను. చెప్పకుండా ఊరుకున్నాను. తప్పు నాది."

రాజుగారు పుస్తకం మీదికి వంగారు. చదువుతున్నకొద్దీ ఆయన మొహంలో రంగు పోయింది. కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచి, తడుముకుంటూ కూర్చున్నారు.

"ఎందుకు ఊరుకున్నారు?" అన్నారు డి.ఈ.ఓ.గారు.

"ఎందుకో నాకే తెలీదండి. అందులో ఉన్నదంతా నిజమేనండి."

ఆయన కలం మూత పెట్టారు. కలం జేబులో పెట్టుకున్నారు. రిపోర్టు కాగితం ఖాళీగానే ఉంది.

"ఈ సాలమోనుగారిని పిలిపించండి. నేను మాట్లాడాలి."

"ఆయన నడవలేరండి. బోదకాలు. జ్వరంతో ఉన్నారు."

"ఎంతదూరం మీ ఇల్లు?"

"రెండు మైళ్ళండి. కాలవగట్టు మీదుగా."

"నేను నడవగలను," అని ఆయన లేచి, పుస్తకం చంకలో పెట్టుకున్నారు. "దారి చూపించండి."

సాలమోనుని ఏదడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్తాడు; పాత పుస్తకం ఏమైందని అడిగితే అదీ చెప్తాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళ నుంచీ దానమ్మకి ఆయనలో అన్నిటికంటే నచ్చింది అదే. ఆ సంగతి తలుచుకుని భయపడడం మాత్రం ఇవాళే మొదలు. వెనక చెప్పుల చప్పుడు వినిపిస్తూండగా, ఆవిడ గట్టు మీద ముందు నడిచింది.